ముల్లు సగం దగ్గరే ఉంది

మన పత్రికలో వంటలొస్తాయి, పిల్లల చదువులొస్తాయి, వీసా తిప్పలొస్తాయి. ఈసారి కారు పెట్రోలు ముల్లు గురించి రాస్తానంటే గ్రూపులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. "అది మగాళ్ళ సంగతి కదా వదినా" అన్నారు. ఎందుకమ్మా? బండి తోలేది మనం, పెట్రోలు కొట్టించేది మనం, చీకట్లో బండి ఆగిపోతే రోడ్డు పక్కన నిలబడేదీ మనమే. అందుకని నవ్వినవాళ్ళు కూడా కాస్త ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా ఈ దేశం కొత్తగా వచ్చి, కష్టపడి లైసెన్సు తెచ్చుకుని, సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కుని కేర్ పనులకీ నర్సింగ్ పనులకీ ఊరూరా తిరుగుతున్న చెల్లెళ్ళు చదవాలి.

నేనుండేది ఇంగ్లండులో, లింకన్‌షైర్ జిల్లాలో. చాలా ఏళ్ళు వార్డులో చేసి, మూడేళ్ళుగా కమ్యూనిటీ నర్సుగా చేస్తున్నాను. అంటే ఆస్పత్రికి రాలేని పేషెంట్ల ఇళ్ళకి మేమే వెళ్ళాలన్నమాట. ఒకరికి పుండుకి కట్టు మార్చాలి, ఒకరికి ఇన్సులిన్ ఇవ్వాలి, ఆఖరి రోజుల్లో ఉన్న ఇంకొకరికి నొప్పి తెలియకుండా మందు ఎక్కే పంపు సరిచూడాలి. రోజుకి 60 మైళ్ళకి తక్కువ తిరగను. మా వైపు అంతా పల్లం భూములు. తిన్నగా సాగే సన్నటి రోడ్డు, రెండు పక్కలా లోతైన మురుగు కాలవలు, కనుచూపు మేర క్యాబేజీ పొలాలు. మొదటిసారి చూసినప్పుడు మా తెనాలి వైపు కాలవగట్టు రోడ్లే గుర్తొచ్చాయి. కాకపోతే అక్కడ అరమైలుకో టీ బడ్డీ ఉంటుంది, ఇక్కడ ఐదు మైళ్ళు పోయినా మనిషి కనపడడు.

నిరుడు సెప్టెంబరులో పాత కారు మూలపడితే, దగ్గరి టౌన్లో ఒక డీలరు దగ్గర ఆరేళ్ళ వయసున్న పెట్రోలు కారు కొన్నాను. నా జీతంతో, నా పేరు మీద. రెండు నెలలు ముత్యంలా నడిచింది. నవంబరులో ఒకరోజు గమనించాను. సోమవారం ముల్లు సగం దగ్గర ఉంది. బుధవారం కూడా సగం దగ్గరే ఉంది. గురువారం పొద్దున బండి తీయగానే దబ్బున కిందికి పడిపోయి ఎర్ర దీపం వెలిగింది. ఇంట్లో చెబితే మావారు, "నువ్వు సరిగ్గా చూసుండవులే" అన్నారు. ఆదివారం ఆయనే తోలారు. దిగి వచ్చి, "ఇదేంటే, గుడికెళ్ళొచ్చినా ముల్లు కదల్లేదు" అన్నారు. చూశారా, రెండో మనిషి చూస్తేగానీ మొదటి మనిషి మాట నిజం కాలేదు.

డీలరు దగ్గరికి తీసుకెళ్ళాను. రెండ్రోజులు ఉంచుకుని, "వైరు కనెక్టరు తుడిచాం, పరీక్షించాం, సరిగ్గా ఉంది" అని కాగితం మీద రాసిచ్చారు. నిజంగానే ఐదారు వారాలు ముల్లు బుద్ధిగా కదిలింది.

ఇక జనవరి రెండో వారం. ఇక్కడ జనవరిలో సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుందని మీకు తెలుసు. నాలుగున్నరకి ఒక పెద్దావిడకి రాత్రి భోజనం ముందు ఇన్సులిన్ ఇవ్వాలి. ఆవిడకి చూపు సరిగా ఆనదు, ఒక్కతే ఉంటుంది. ముల్లు సగం మీదే ఉంది. ఎర్ర దీపం లేదు. స్క్రీన్ మీద "ఇంకా 210 మైళ్ళు వెళ్ళొచ్చు" అని కూడా చూపిస్తోంది. అటూ ఇటూ కాలవలున్న ఆ రోడ్డు మీద బండి రెండుసార్లు దగ్గినట్టు కుదిపి ఆగిపోయింది. వేగం ఉండగానే పక్కన గేటు ముందున్న కాస్త ఖాళీలోకి తిప్పగలిగాను కాబట్టి సరిపోయింది. లేకపోతే రోడ్డు మధ్యలోనే, మలుపు తర్వాత, చీకట్లో!

హజార్డ్ లైట్లు వేసి, పసుపుపచ్చ జాకెట్ తొడుక్కుని, బండికి దూరంగా గేటు లోపలికి వెళ్ళి ముందు ఆఫీసుకి ఫోన్ చేశాను. అదృష్టం బాగుండి సిగ్నల్ ఉంది. పక్క ఊళ్ళో ఉన్న సహోద్యోగి ఆ పెద్దావిడ ఇంటికి బయల్దేరింది. బండి సంగతి తర్వాత. ఒక ట్రాక్టరాయన ఆగి, "డీజిల్ ఇవ్వనా?" అన్నాడు. పెట్రోలు బండి బాబూ అంటే తల గోక్కుని, తన ఇంట్లోవాళ్ళకి ఫోన్ చేశాడు. పది నిమిషాల్లో ఆయన భార్య గడ్డికోత మిషను కోసం ఉంచుకున్న ఐదు లీటర్ల పెట్రోలు డబ్బా పట్టుకొచ్చింది. డబ్బులిస్తానంటే, "వద్దు డక్, మా అమ్మకి కట్టు కట్టేది మీవాళ్ళే" అంది. మా జిల్లాలో ఆడవాళ్ళని డక్ అనడం ప్రేమే, తిట్టు కాదు. ఆవిడకి తర్వాత పులిహోర చేసి తీసుకెళ్ళాను. అది వేరే కథ.

పెద్దావిడకి ఇన్సులిన్ ఇరవై నిమిషాలు ఆలస్యంగా అందింది. ఏం కాలేదు. కానీ ఆ ఇరవై నిమిషాలూ ఆ గేటు దగ్గర నేనెలా నిలబడ్డానో నర్సమ్మలకి చెప్పక్కర్లేదు.

మళ్ళీ డీలరు. ఈసారి మూడు రోజులు ఉంచుకున్నారు. "ఏ లోపమూ కనపడలేదు" అని కాగితం. పైగా ఆ కౌంటరులో అబ్బాయి, "ఈ కార్లన్నీ ఇంతేనండీ. మీరు కొంచెం కొంచెం కొట్టిస్తుంటారేమో, ఫుల్ ట్యాంక్ కొట్టిస్తే ముల్లు సర్దుకుంటుంది" అన్నాడు. చాలా మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదే ఒళ్ళు మండించింది.

ఆ రాత్రి అమ్మతో వీడియో కాల్‌లో అంతా చెప్పుకున్నాను. అమ్మ కారు ఎక్కడమే గానీ తోలినదాయి కాదు. అంతా విని, "గ్యాసు బండకి ముల్లుంటుందా ఏంటే?" అంది.

మీకు గుర్తుండే ఉంటుంది. మన ఇళ్ళల్లో సిలిండరు మార్చిన రోజున అమ్మలు క్యాలెండరు మీద ఆ తేదీ దగ్గర "గ్యాస్" అని పెన్నుతో రాసేవాళ్ళు. బండలో 14.2 కిలోల గ్యాసు. మామూలుగా ఎన్ని రోజులొస్తుందో, చుట్టాలొస్తే ఎన్ని రోజులొస్తుందో వాళ్ళకి లెక్క. 40 రోజుల బండ 28 రోజులకే అయిపోతే, "తూకం తక్కువిచ్చావయ్యా" అని డెలివరీ అబ్బాయిని గుమ్మంలో నిలబెట్టి అడిగేవాళ్ళు. చేతిలో తేదీ ఉంది కాబట్టి అతనూ నీళ్ళు నమిలేవాడు. నాన్న పాత బజాజ్ స్కూటరుకీ ముల్లు లేదు. పెట్రోలు అయిపోవస్తే రిజర్వుకి తిప్పుకోవడం, అదీ అయిపోతే బండిని ఓ పక్కకి వంచి మళ్ళీ కిక్కు కొట్టడం. ముల్లు లేని సంసారాలు మనవి. లెక్క రాసుకునే నడిపారు.

కారులో ఆ క్యాలెండరు పని చేసేది ట్రిప్ మీటరు. ట్యాంకు నిండా కొట్టించిన ప్రతిసారీ దాన్ని సున్నా చేయాలి. అప్పట్నుంచి ఎన్ని మైళ్ళు తిరిగామో అది చెబుతుంది. మళ్ళీ నిండా కొట్టించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో రసీదులో ఉంటుంది. మైళ్ళని లీటర్లతో భాగిస్తే మన బండి లీటరుకి ఎంతిస్తుందో తేలిపోతుంది. నాలుగుసార్లు రాస్తే చాలు. నా బండి లీటరుకి దాదాపు 10 మైళ్ళిస్తుంది. ట్యాంకు 50 లీటర్లని కారుతో వచ్చిన పుస్తకంలో ఉంది. అంటే కాగితం మీద 500 మైళ్ళు. నేను మాత్రం 400 దాటనివ్వను. చలికాలంలో, ట్రాఫిక్‌లో మైలేజీ తగ్గుతుంది. పైగా ట్యాంకులో ఉండే పంపుని చల్లగా ఉంచేది చుట్టూ ఉన్న పెట్రోలే, ఎప్పుడూ అడుక్కి తెచ్చుకుంటే అదీ దెబ్బతింటుంది.

అసలు ఈ ముల్లు ఎలా పనిచేస్తుందో ఒక్క మాటలో చెప్తాను, మెకానిక్కుతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. మన ఇంటి మీద నీళ్ళ ట్యాంకులో తేలే బంతి ఉంటుంది చూడండి, పెట్రోలు ట్యాంకులోనూ అలాంటి బెండు ఒకటి తేలుతుంటుంది. దానికో సన్నటి చెయ్యి. ఆ చెయ్యి రెండో కొస ఒక చిన్న పట్టీ మీద రాసుకుంటూ పైకీ కిందికీ జరుగుతుంది. అది ఎక్కడ ఆనుతుందో దాన్నిబట్టి కరెంటు పారడం మారుతుంది, దాన్నిబట్టి ముల్లు కదులుతుంది. దీన్నంతా కలిపి సెండర్ యూనిట్ అంటారు. ఏళ్ళ తరబడి రాసుకుని రాసుకుని ఆ పట్టీ అరిగిపోతుంది. పెట్రోలులో ఉండే గంధకం వల్ల ఆ లోహం పాడవుతుంది కూడా. అరిగిన చోటికి వచ్చినప్పుడల్లా ముల్లు ఆగిపోతుంది, లేదా పిచ్చి లెక్క చూపిస్తుంది. అది దాటితే మళ్ళీ మామూలే. గ్యారేజీలో చూసే గంటసేపూ ఆ చోటికి రాకపోతే "లోపం లేదు" అంటారు. బయట వైరు తుడిస్తే కొన్నాళ్ళు బాగున్నట్టే ఉంటుంది. లోపల పట్టీ మాత్రం అరిగే ఉంటుంది. అందుకే ఈ జబ్బు తిరగబెడుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ముల్లు, ఎర్ర దీపం, "ఇన్ని మైళ్ళు వెళ్ళొచ్చు" అనే అంకె, మూడూ ఒకే మాట చెబుతున్నాయి కదా అని మనం ధైర్యపడతాం. చాలా కార్లలో ఆ మూడింటికీ సమాచారం ఇచ్చేది ఆ ఒక్క సెండరే. ముగ్గురు సాక్షులు కాదు, ఒకే సాక్షి మూడు గొంతులతో మాట్లాడటం. ఆ రోజు నాకు దీపం వెలగకపోవడానికి కారణం అదే. మా నర్సులకి మొదటి ఏడాదే చెబుతారు, మిషన్ని కాదు మనిషిని చూడమని. వేలికి గోళ్ళ రంగున్నా, చెయ్యి చల్లగా ఉన్నా ఆక్సిజన్ చూసే క్లిప్పు తప్పు అంకె చూపిస్తుంది. అప్పుడు పెదాల రంగు చూస్తాం, ఊపిరి లెక్కపెడతాం. మిషను సరిగా లేదని అనుమానమొస్తే, ఎన్నింటికి ఏం చూపించిందో రాసిపెడతాం. రాయనిది జరగనట్టే అనేది మా వృత్తిలో సామెత లాంటిది.

సరే, ఒక చిన్న నోటు పుస్తకం కారులో పెట్టాను. తేదీ, ట్రిప్ మీటరు, ముల్లు ఎక్కడుంది, ఎన్ని లీటర్లు పట్టింది. పంపు దగ్గర ఫోను వాడొద్దని బోర్డులుంటాయి కాబట్టి, బంకులోకి వెళ్ళకముందే పక్కన ఆపి ముల్లూ మైళ్ళూ కనిపించేలా ఫొటో. తర్వాత రసీదు. మూడు వారాల్లో మూడు వరసలు:

మొదటిది: 380 మైళ్ళు, ముల్లు సగం, పట్టింది 37.9 లీటర్లు.
రెండోది: 391 మైళ్ళు, ముల్లు సున్నాకి పడి మళ్ళీ సగానికి లేచింది, పట్టింది 39.2 లీటర్లు.
మూడోది: 402 మైళ్ళు, ముల్లు సగం కన్నా కాస్త పైనే, పట్టింది 40.6 లీటర్లు.

చూశారు కదా. 50 లీటర్ల ట్యాంకులో సగం నిజంగా ఉంటే 25 లీటర్లకి మించి ఎలా పడుతుంది? ఇది ఇంజినీరింగు కాదు. బిందె సగం ఉందంటే ముప్పావు బిందె నీళ్ళు పట్టవు, అంతే.

ఈలోపు ఇక్కడి చట్టం కూడా చదివాను. డీలరు దగ్గర కొన్నవాళ్ళకి 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ అండగా ఉంటుంది. కొన్న 30 రోజుల్లోపు లోపం బయటపడితే కారు తిరిగిచ్చి మొత్తం డబ్బు అడగొచ్చు. ఆ తర్వాత అయితే బాగుచేయడానికి వాళ్ళకి ఒక్క అవకాశం ఇవ్వాలి. ఒక్కటే. బాగుచేశాక కూడా లోపం ఉంటే, కారు తిరిగిచ్చేసే హక్కు మనకుంది, లేదా ధర తగ్గించమని అడగొచ్చు. తిరిగిస్తే మనం వాడుకున్నంతకి కొంత కోసుకుంటారు. ఆరు నెలల్లోపు బయటపడిన లోపం అమ్మేనాటికే ఉందని చట్టం అనుకుంటుంది. లేదని రుజువు చేయాల్సింది వాళ్ళే. అంతా కాదుగానీ ధరలో కొంత క్రెడిట్ కార్డుతో కట్టినా, కారు ధర 100 పౌండ్లు దాటి 30,000 పౌండ్ల లోపుంటే కార్డు కంపెనీని కూడా బాధ్యత అడగొచ్చు. అదే ఎవరో మామూలు మనిషి దగ్గర, ఇంటి ముందు కొంటే ఈ రక్షణ చాలావరకు ఉండదు. నాకు ఆరు నెలలు మార్చి మొదట్లో నిండుతాయి. అప్పటికి ఫిబ్రవరి సగం అయింది.

ఉత్తరం రాశాను, ఒక్క పేజీ. కొన్న తేదీ, మొదటి రిపేరు తేదీ, బండి ఆగిన రోజు, రెండోసారి ఇచ్చిన తేదీ, ఆ మూడు వరసలు. నర్సుగా ఈ కారు మీద ఏం ఆధారపడి ఉందో రెండు వాక్యాలు. చట్టం పేరు. 14 రోజుల్లో జవాబివ్వమని అడిగాను. కోపం ఒక్క ముక్క కూడా రాయలేదు. రాత్రి రాసిన చిత్తుప్రతిలో బోలెడు ఉండింది, పొద్దున కాఫీ తాగి కొట్టేశాను.

నాలుగో రోజు మేనేజరు ఫోన్ చేసి రమ్మన్నాడు. మావారు తోడొచ్చారు. ఆయన కుర్చీ లాక్కుని మావారి వైపు తిరిగి మొదలుపెట్టాడు, "సార్, ఈ మోడల్‌లో ఏమిటంటే" అని. మావారు ఏమీ అనకుండా చెయ్యి నా వైపు చూపించారు. నేను పుస్తకం తెరిచి మూడో వరస మీద వేలు పెట్టాను. "ట్యాంకు 50 లీటర్లు. ముల్లు సగం పైన. పట్టింది 40.6. మిగతా 15 లీటర్లు ఎక్కడ పట్టాయో చెప్పండి" అన్నాను. నా ఇంగ్లీషు యాస నాదే, అంకెలకి యాస ఉండదు. ఆయన రసీదు చూశాడు, ఫొటో చూశాడు, మళ్ళీ రసీదు చూశాడు. కాసేపయ్యాక, "సెండర్ మార్చాలి" అన్నాడు.

కారు తిరిగిచ్చేయొచ్చు. కానీ నా డ్యూటీలకి కారు లేకుండా నడవదు, మిగతా అంతా బాగున్న బండి. అందుకని మూడు విషయాలు ఈమెయిల్‌లో రాసిమ్మన్నాను. కొత్త కంపెనీ పార్టే వేయాలి, ఖర్చు వాళ్ళదే. బండి వాళ్ళ దగ్గరున్నన్నాళ్ళూ నాకు వేరే కారివ్వాలి. మళ్ళీ ఇదే లోపం వస్తే తిరిగిచ్చే నా హక్కు అలాగే ఉంటుందని ఒప్పుకోవాలి. నోటిమాట వద్దన్నాను. రాసిచ్చారు.

వెనక సీటు ఎత్తి, కింద మూత తీసి మార్చారట. మా బండిలో సెండరూ పెట్రోలు పంపూ కలిసే వస్తాయి, అందుకే ముందు తప్పించుకోవాలని చూశారని నా అనుమానం. పాత ముక్క చూపించమని అడిగితే మెకానిక్ కుర్రాడు సంతోషంగా తెచ్చి చూపించాడు. వేలెడంత పట్టీ. నడిమధ్యలో, సరిగ్గా సగం దగ్గర, నల్లగా అరిగిన గీత. మూడు నెలలు నా మాట నమ్మనివాళ్ళందరికీ అది చూపించాలనిపించింది. ఫొటో తీసుకున్నాను, మొదట అమ్మకి పంపాను. "ఇంతేనా!" అని వాయిస్ మెసేజ్ పెట్టింది.

ఇప్పుడు మీకు నాలుగు మాటలు. అమెరికాలో ఉన్నవాళ్ళు మైలేజీ పోల్చుకునేటప్పుడు, అక్కడి గాలన్ 3.785 లీటర్లు, ఇక్కడిది 4.546 అని గుర్తుంచుకోండి. గల్ఫ్‌లో కిలోమీటర్లే కాబట్టి లెక్క ఇంకా తేలిక. చట్టం ఏ దేశానిది ఆ దేశానిదే, పుస్తకం మాత్రం ఎక్కడైనా పనిచేస్తుంది. ముల్లు మీద అనుమానమొస్తే డిక్కీలో పెట్రోలు డబ్బా పెట్టుకు తిరగడం మందు కాదు, ఆ ఆవిరి ప్రమాదం. ఇంగ్లండులో మోటర్‌వే మీద బండి ఆగితే ఎడమ పక్క తలుపులోంచి దిగి, కంచె దాటి అవతల నిలబడి సాయానికి ఫోన్ చేయండి. బండి నడుస్తున్న లేన్‌లోనే ఇరుక్కుని దిగడానికి వీల్లేకపోతే బెల్టు తీయకుండా లైట్లు వేసి 999 కి చేయండి.

నా సహోద్యోగులిద్దరు ఇప్పుడు పుస్తకం మొదలుపెట్టారు. ఒకామె కారులో ముల్లు బాగానే ఉంది, కానీ రాస్తుంటే మైలేజీ నెల నెలా పడిపోతోందని తెలిసింది. చూపిస్తే టైర్లలో గాలి బాగా తక్కువుందట.

ఇది చదివాక ఒక పని చేయండి. కారుతో వచ్చిన పుస్తకం తీసి మీ ట్యాంకు ఎన్ని లీటర్లో చూడండి. అద్దం మీద ఒక చిన్న కాగితం అంటించి ఆ అంకె రాయండి. ఈసారి నిండా కొట్టించినప్పుడు ట్రిప్ మీటరు సున్నా చేయండి.